చిత్రములోని సత్యము



ముప్పదియేండ్లకు పైగా గ్రామపాఠశాలలలో శబ్దములు, సంధులు, పద్యములు చెప్పి విశ్రాంతి గైకొనిన తెలుగు పండితుడనగు నేను సినిమాను గూర్చి ప్రసంగించుట మీలో కొందఱికి వింతగా తోచవచ్చును. నాకును మొదట అట్లే తోచినది. కాని నేను చెప్పబోవునది నటుల సంగతి కాదు, పాటల సంగతి కాదు. సత్యమునకు సంబంధించిన ఒక ప్రశ్న. ఆ ప్రశ్నలో నేను చేసిన తప్పు కూడ ఒకటి ఇమిడియున్నది. దానిని పెద్దలైన మీ యెదుట ఒప్పుకొనవలెనని ఈ యవకాశమును స్వీకరించితిని.

నా బాల్యమున మా యూరి వెలుపల, కోతలైన పొలములో, ఏటేట డేరా సినిమా వెలసెడిది. అసలు చిత్రమునకు ముందు 'న్యూసురీలు' వేయుచుండిరి. భారతప్రభుత్వము వారు 1948 లో ఫిలిమ్స్ డివిజన్ అను సంస్థను నెలకొల్పిరి. అది 2022 లో వేఱొక సంస్థలో విలీనమైనది. ఆ సంస్థ తీసిన పొట్టిచిత్రములను చిత్రశాలలలో ఆటకు ముందు చూపవలెనని ఆ కాలమున నిర్బంధము ఉండెను. మా తాతగారు కథాచిత్రమును లెక్కచేసెడివారు కారు. "అవి వేషాలురా" అనెడివారు. కాని తెరమీద ఆనకట్టయో, వరదయో, పొలము దున్నుచున్న రైతో కనబడినప్పుడు మాత్రము కండువా సవరించుకొని నిటారుగా కూర్చుండి, "ఇది జరిగిందిరా, చూడు" అనెడివారు.

జరిగినది! ఆ యొక్క మాటలోనే మన విచారమంతయు నున్నది. కథాచిత్రము కల్పితమని అందఱు నెఱుగుదురు. డాక్యుమెంటరీ అని పిలువబడు యథార్థచిత్రమును మాత్రము జరిగినదానికి అద్దముగా భావింతుము. ఆ యద్దము ఎంతవఱకు అద్దము?

మొదటినుండి చూతము. ఫ్రాన్సు దేశమున లూమియేర్ సోదరులు 1895 వ సంవత్సరము డిసెంబరు 28 వ తేదీన, పారిస్ నగరములో, డబ్బు పుచ్చుకొని ప్రజలకు కదలెడి బొమ్మలు చూపిరి. మఱుసటి సంవత్సరము జూలై 7 న అవే బొమ్మలు బొంబాయి నగరములోని వాట్సన్ హోటలునకు వచ్చినవి. వానిలో ప్రసిద్ధమైనది, లియోన్ పట్టణములోని వారి కార్ఖానానుండి పనివారు వెలుపలికి వచ్చు దృశ్యము. ఒక్క నిమిషమైనను పట్టదు. తలుపులు తెఱచుకొనును, పనివారు గుంపుగా వత్తురు, అంతే. ఇంతకంటె నిష్కల్మషమైన సత్యము వేఱొకటి ఉండునా? కాని ఆ దృశ్యము మూడుమాఱులు తీయబడినది. ఒకదానిలో ఒక గుఱ్ఱము కట్టిన బండి వచ్చును, ఒకదానిలో రెండు గుఱ్ఱములు, ఒకదానిలో గుఱ్ఱమే లేదు. పనివారు యజమానుల యాజ్ఞపై, యంత్రము సిద్ధమైన పిదప, బయలుదేరినారు. అనగా చలనచిత్రము పుట్టిన దినముననే సత్యమును, ఏర్పాటును కవలపిల్లలై పుట్టినవి.

ఇక ఈ విద్యకు ఆదిపురుషుడని లోకము చెప్పుకొను వానిని చూతము. ఆయన పేరు రాబర్ట్ ఫ్లాహర్టీ. 1884 లో అమెరికాదేశమున జన్మించెను. కెనడా దేశపు ఉత్తరభాగమున హడ్సన్ అఖాతపు తీరములలో ఇనుపగనుల జాడలు వెదకుట ఆయన మొదటి వృత్తి. ఆ ప్రయాణములలో ఎస్కిమోలని పూర్వము పిలువబడిన ఇన్యూట్ జనులతో కలిసిమెలిసి తిరిగెను. వెంట నొక కెమెరాను గొనిపోయి వారి జీవితమును చిత్రించెను. కాని 1916 లో, టొరాంటో నగరమున ఆ చిత్రమును సవరించుకొనుచుండగా, ఆయన చేతి సిగరెట్టు నిప్పు ఫిలిముమీద పడినది. ఆ కాలపు ఫిలిము వంటచెఱకుకంటె వేగముగా మండెడిది. ముప్పదివేల అడుగుల మూలప్రతి భస్మమైనది. ఆయన ఒడలును కాలినది.

చూపుటకొక ప్రతి మిగిలెనుగాని, దానిని తలచుకొని ఆయన విచారింపలేదు. అది ఊరక ఇచటనొక ముక్క, అచటనొక ముక్క. అందులో మనుష్యుడు లేడని ఆయనకే తోచినది. ఈ మాఱు ఒక్క మనుష్యుని, వాని కుటుంబమును తీసికొని, వారి యొక యేటి జీవితమును చూపవలెనని సంకల్పించెను. రెవియాన్ అను ఫ్రెంచి బొచ్చుతోళ్ల వర్తకుల సంస్థ ధనమిచ్చెను. 1920 ఆగస్టులో ఆయన ఇప్పుడు ఇనుక్జువాక్ అని పిలువబడు తీరస్థలము చేరి సుమారొక సంవత్సరము నివసించెను. ఆ చిత్రమే 1922 జూన్ నెలలో న్యూయార్కులో విడుదలయిన 'నానూక్ ఆఫ్ ది నార్త్'. నానూక్ అనగా ధ్రువపు ఎలుగుబంటి.

ఆయన పడిన శ్రమను మెచ్చుకొనక తప్పదు. మంచుదేశమున ఫిలిమును కడుగుటకు నీరెక్కడిది? గడ్డకట్టిన నీటికి రంధ్రములు చేసి, అందుండి నీరు తోడి తెచ్చెడివారు. ఆ నీటిలో బొచ్చుతోలు దుస్తుల వెండ్రుకలు రాలి ఫిలిమునకు అంటుకొనెడివి. దీపపు వెలుతురు చాలక, కిటికీనుండి వచ్చు పగటివెలుగుతోనే ప్రతులు తీసెను. ఈ పనులన్నిట ఇన్యూట్ జనులే ఆయనకు చేతులు, కాళ్లు. కెమెరా పాడైనచో దానిని విప్పి మరల కూర్చగల నేర్పును వారు సంపాదించిరి. తీసిన భాగములను ఆయన వారికే చూపెడివాడు. వాల్రస్ అను కోఱలుగల పెద్ద నీటిజంతువును వేటాడిన భాగమును తెరపై చూచినప్పుడు, జూచువారు తాళలేక, "పట్టుకో, విడువకు" అని కేకలు వేసిరట.

ఇంతవఱకు మెచ్చుకోలు. ఇక రెండవ పక్షము.

ఆ చిత్రములోని నానూక్ అసలు పేరు నానూక్ కాదు; అల్లకరియల్లక్. ఆయన భార్యగా చూపబడిన స్త్రీ ఆయన భార్య కాదు. చిత్రములో ఆయన ఈటెలతో వేటాడును. కాని అప్పటికే ఆ జనులు తుపాకులు వాడుచుండిరి. వాల్రస్ వేటలో ఆ జంతువు వారిని నీటిలోనికి లాగివేయునట్లుండగా, తుపాకి పేల్చుమని వారు ఫ్లాహర్టీని వేడుకొనిరనియు, ఆయన వినిపించుకొననట్లు నటించి కెమెరా పిడిని త్రిప్పుచునే యుండెననియు చెప్పుదురు. మంచుగడ్డలతో కట్టిన యింట కెమెరా పట్టదు, వెలుతురు చాలదు. కావున పెద్ద యిల్లొకటి కట్టించి, దానికి సగము పైకప్పు తీసివేయించెను. ఆ చలిలో ఆకాశము క్రింద ఆ కుటుంబము నిద్రించినట్లు, మేలుకొనినట్లు నటించినది. సీలు అను జంతువును త్రాటితో లాగు దృశ్యములో, త్రాటి రెండవకొనను చాటునుండి మనుష్యులే లాగిరి.

ఇవి విన్నంతనే కొందఱు, "అయితే అంతయు బూటకమే" అందురు. నేనట్లనను. మన లాక్షణికులు ఈ విషయమును ఏనాడో విమర్శించిరి. నాట్యశాస్త్రము లోకధర్మి, నాట్యధర్మి అని రెండు మార్గములు చెప్పినది. లోకమున ఉన్నదున్నట్లు చూపుట మొదటిది. రంగమునకు తగినట్లు మార్చి చూపుట రెండవది. దశరూపకకారుడు కథావస్తువును ప్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము అని మూడువిధములుగా విభజించెను. ప్రసిద్ధమైన యితివృత్తము ప్రఖ్యాతము. కవి కల్పించినది ఉత్పాద్యము. రెండును కలిసినది మిశ్రము. యథార్థచిత్రము మిశ్రమేగాని శుద్ధప్రఖ్యాతము కాదు. మిశ్రమగుట దోషము కాదు. మిశ్రమును ప్రఖ్యాతమని చెప్పి అమ్ముట దోషము.

మఱియొక ఉదాహరణము. బ్రిటిషు తపాలాశాఖ వారు 1936 లో రాత్రివేళ ఉత్తరములు మోసికొనిపోవు రైలును గూర్చి 'నైట్ మెయిల్' అను చిత్రము తీయించిరి. రైలుపెట్టెలో ఉద్యోగులు జాబులు వేఱుచేయుచుందురు. ఆ పెట్టె నిజముగా నడచుచున్నది కాదు, చిత్రశాలలో కట్టినది. నిలిచియున్న పెట్టెలో వారు రైలు కుదుపునకు తగినట్లు ఊగుచు పనిచేసిరి. అయినను వారు నిజమైన తపాలా ఉద్యోగులు. చేసినది తమ నిత్యకృత్యమే. ఇందులో మోసపోయినవాడెవడు? ఎవడును లేడు. మంచుయింటి సగము కప్పు తీసివేయుటయు ఇట్టిదే. ఇల్లు కట్టువిధము నిజము, కట్టిన చేతులు నిజము.

కాని అదే చిత్రములో మఱియొక దృశ్యము కలదు. వర్తకుడు గ్రామఫోను వినిపించును. నానూక్ ఆశ్చర్యముతో ఆ పళ్లెమును నోటబెట్టి కఱచి చూచును. అల్లకరియల్లక్ గ్రామఫోను నెఱుగనివాడు కాడు. ఈ దృశ్యము వెలుతురుకొఱకు చేసిన యేర్పాటు కాదు. తెలిసినవానిని తెలియనివానిగా, బుద్ధిమంతుని పసివానిగా చూపుట. చిత్రమునకు ధనమిచ్చినవారు బొచ్చుతోళ్ల వర్తకులని ఇంతకుముందే చెప్పితిని. వర్తకుని యంగడిలో వేటగాడు అమాయకుడై కనబడుట ఎవరికి ఇంపుగా నుండునో మీరే యోజింపుడు.

ఆయన మరణమును గూర్చియు ఇట్టిదే జరిగినది. చిత్రము వెలువడిన కొలదికాలమునకే అల్లకరియల్లక్ చనిపోయెను. వేటకు పోయి ఆహారము దొరకక మంచులో మరణించెనని చిత్రమునకు చేర్చిన పీఠికలో వ్రాసిరి. వ్యాధిచేత, బహుశః క్షయచేత, మరణించెనని తరువాతివారు విచారించి చెప్పిరి. ఆకలిచావు కథకు తగిన ముగింపు, క్షయ తగదు. మనుష్యుని మరణమునుగూడ కథకు తగినట్లు దిద్దవచ్చునా? మంచుయింటి కప్పును తీసినట్లు దీనిని క్షమింపలేము.

ఫ్లాహర్టీ 1934 లో ఐర్లండు పడమటి తీరమునగల అరాన్ ద్వీపములనుగూర్చి 'మాన్ ఆఫ్ అరాన్' తీసెను. అందు ద్వీపవాసులు పెద్ద సొఱచేపలను ఈటెలతో వేటాడుదురు. ఆ వేట అచ్చట అంతరించి రెండు తరములు గడచినది. ఆ విద్యను వారికి క్రొత్తగా నేర్పించవలసివచ్చెను. తుపాను సముద్రములోనికి వారి చిన్నపడవలను పంపించి చిత్రించెను. బ్రదికి బయటపడిరి. అంత సాహసము వారిచేత చేయించుట తప్పని తరువాత ఆయనయే నొచ్చుకొనెనందురు.

పరదేశములవారి తప్పులు లెక్కించుట సులభము. ఇక నాది చెప్పెదను.

ఇరువదియైదేండ్ల క్రిందట నేను పనిచేయుచున్న గ్రామమునకు కొందఱు చిత్రముతీయువారు వచ్చిరి. చేనేతవారి కష్టములను లోకమునకు తెలుపవలెనని వారి సంకల్పము. మంచి సంకల్పమే. ఊరిలో నలుగురితో పరిచయముగల పంతులునని నన్నాశ్రయించిరి. డెబ్బదియేండ్ల వృద్ధుని యింటికి వారిని తీసికొనిపోతిని. ఆయనను నేను బాబాయి యని పిలిచెడివాడను. గుంటమగ్గముమీద ఆయన చేయి ఆడుచుండగా చూచుట కన్నులపండువు. పడుగులో పోగు తెగినచో చూడకయే వ్రేలితో కనిపెట్టెడివాడు.

వారు ఇల్లంతయు కలయజూచిరి. మగ్గముపైన కరెంటుదీపము వ్రేలాడుచుండెను. మూల నొక చిన్న టెలివిజను పెట్టె, గోడమీద కొడుకు పట్టణమునుండి తెచ్చిన గడియారము. చిత్రము తీయించువారి ముఖము చిన్నబోయినది. పెట్టెను, గడియారమును ప్రక్కింటికి పంపించిరి. ఉతికిన పంచె విప్పించి చిరిగిన దానిని కట్టించిరి. కరెంటుదీపము తీసివేసి, కిరసనాయిలు బుడ్డి యొకటి కావలెననిరి. ఆ యింట బుడ్డి లేదు. నేను మా యింటికి పోయి, అటకమీద దుమ్ముపట్టియున్న బుడ్డిని దింపి, తుడిచి, నూనె పోసి తెచ్చితిని. ఆయన నావంక చూచెను. "ఒక్క పూట కదా బాబాయ్, మన మంచికే" అంటిని.

ఆయన మాఱుమాటాడక బుడ్డిదీపము వెలుగులో నేసెను. ఎవడును ఏనాడును అట్లు నేయడు, పోగు కనబడదు. పని ముగిసి వారు తీగెలు చుట్టుకొనుచుండగా ఆయన నూలు ధరను గూర్చి చెప్పనారంభించెను. నూలు వెల ఎంత పెరిగినది, చీరకు షావుకారు ఇచ్చు కూలి ఎంత, మరమగ్గముమీద నేసిన బట్టను చేనేతయని ఎట్లు అమ్ముచున్నారు, మోకాళ్ల నొప్పులతో గుంటలో దిగి కూర్చుండుట ఎంత బాధ: ఇవి ఆయన కష్టములు. కాని కెమెరా అప్పటికే పెట్టెలో పెట్టబడినది.

కొన్ని నెలలకు ఆ చిత్రము మా పాఠశాలలో ప్రదర్శింపబడినది. ఊరంతయు వచ్చినది. చిరుగుపంచెతో, బుడ్డిదీపముతో తన తాతను చూచి ఆయన మనుమరాలు తల వంచుకొనినది; తోడిపిల్లలు నవ్విరి. ఆట ముగిసిన పిదప బాబాయి నా చెంతకు వచ్చి, కోపము లేకుండ, మెల్లగా అడిగినాడు: "నా పేదరికం వాళ్లకి చాల్లేదా పంతులుగారూ? ఇంకాస్త అరువు తెచ్చి పెట్టుకున్నారు."

ఆ యరువు ఇచ్చినది నేను. ఆ బుడ్డి మా యింటిది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చదువుకొనిన తర్కశాస్త్రము అప్పుడు జ్ఞప్తికి వచ్చినది. ప్రమాణములలో ప్రత్యక్షము వేఱు, శబ్దము వేఱు. కన్నులతో స్వయముగా చూచునది ప్రత్యక్షము. నమ్మదగినవాడు చెప్పగా తెలిసికొనునది శబ్దము. తెరమీది బొమ్మను కన్నులతో చూచుచున్నాము గనుక అది ప్రత్యక్షమని భ్రమపడుచున్నాము. అది ప్రత్యక్షము కాదు. ఎవడో ఒకచోట నిలిచి, ఇది చూపవలె నిది దాచవలెనని నిర్ణయించి, మనకు చెప్పుచున్న మాట అది. కనుక అది శబ్దప్రమాణము. శబ్దము ప్రమాణమగుటకు చెప్పువాడు ఆప్తుడు కావలెను. ఆప్తుడనగా ఉన్నదానిని ఎఱిగి ఉన్నట్లు చెప్పువాడు. మా తాతగారు "ఇది జరిగిందిరా" అనినప్పుడు, చెప్పువాడెవడని అడుగుట మఱచిరి.

అట్లని దాచుటయెల్ల దోషమనుకొనరాదు. భవభూతి ఉత్తరరామచరిత్రము ప్రథమాంకమున చిత్రదర్శనఘట్టము మీ రెఱిగినదే. సీతారాములు తాము గడపిన దినములను పటములలో చూతురు. శూర్పణఖ బొమ్మను చూచి సీత బెదరగా, అది బొమ్మయేగదా యని రాముడు ఊరడించును. ఆ పటములలో కైకేయి వృత్తాంతము వచ్చుచోట రాముడు దానిని దాటవేసి ముందునకు సాగును. లక్ష్మణుడు దానిని గమనించి తనలో తాననుకొనును. అదియును దాచుటయే. కాని ఆ దాచుట తల్లియొక్క మానమును కాపాడుటకు. మేము చేసిన మార్పు వృద్ధుని మానమును తీయుటకు. రెండును మార్పులే, ఎవరికొఱకు చేసితి మనునదే భేదము.

నేడు కెమెరా డేరాతో ఏడాదికొకమాఱు వచ్చునది కాదు. పొలము గట్టుమీది కుఱ్ఱవాని చేతిలోనున్నది. జరుగనిదానిని జరిగినట్లు, ఆడనిమాటను ఆడినట్లు సృష్టింపగల కృత్రిమమేధా యంత్రములును వచ్చినవి. ఇట్టి కాలమున మనవలు మనకు చేతిపెట్టెలో ఏదేని చూపి "తాతా, ఇది నిజం" అన్నప్పుడు, పెద్దలమైన మనము, దీనిని తీసినవాడెవడు, వానికి సొమ్ము ఇచ్చినదెవరు, ఇందున్నవానికి తన మాట తాను చెప్పుకొను అవకాశము దొరకినదా, తన బొమ్మను తాను చూచినప్పుడు తల యెత్తగలడా అని అడుగవలెను. ఈ చివరిప్రశ్నను నేను బాబాయి మనుమరాలి ముఖమునుండి నేర్చుకొంటిని.

మఱియు మీ గ్రామమునకు ఎవరైన చిత్రము తీయుటకు వచ్చినచో వారిని త్రోసిపుచ్చకుడు. మన బ్రదుకులు లోకమునకు తెలియవలసినదే. వెలుతురు చాలదన్నచో కిటికీ తెఱవుడు, మగ్గమును వాకిటికి జరుపుడు. అది దోషము కాదు. ఇంటలేని దీపమును మాత్రము తేవలదు.

బాబాయి నాలుగేండ్ల పిదప కాలధర్మము నొందెను. దానికి కొంచెము ముందు నేను ఆయన యింటికి పోయి, జరిగినదానికి క్షమింపుమని కోరితిని. ఆయన నవ్వి, మగ్గముమీది కరెంటుదీపము వెలిగించి, "ఇప్పుడు చూడండి పంతులుగారూ, అంచు ఎలా వచ్చిందో" అని చీర చూపెను. ఆ నాడు నా చేతిలో కెమెరా లేదు. చూచితిని.

ఆ బుడ్డి నేటికిని మా యటకమీదనే యున్నది.